అడవి ఎంత, నీరెంత: ఏ కొలబద్దతో కొలిచారు?

దేశాల అడవులు, నీళ్లు, జీవరాశుల మీద వెలువడే అంకెల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. "ఏ అంకెను నమ్మాలి?" అన్నదే అందరి ప్రశ్న. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. దేన్ని లెక్కపెట్టి ఆ అంకె వేశారు? ఆ దృష్టితోనే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మన దేశంలో అడవి పెరిగిందని ప్రభుత్వ నివేదిక చెబుతోంది. 2000 తర్వాత 23 లక్షల హెక్టార్ల చెట్లు పోయాయని మరొకరు చెబుతున్నారు. ఇద్దరూ ఉపగ్రహ చిత్రాలే చూపిస్తున్నారు. ఒకరు అబద్ధమాడుతున్నట్టేనా?
– ఒక ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: ఎవరూ అబద్ధమాడడం లేదు. ఇద్దరూ కొలిచింది ఒకే వస్తువు కాదు.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి దాదాపు రెండేళ్లకోసారి నివేదిక ఇస్తోంది. కనీసం ఒక హెక్టారు ఉండి, అందులో 10 శాతానికి మించి చెట్ల కొమ్మలు కప్పి ఉంటే ఆ చోటును అది అడవిగా లెక్కిస్తుంది. భూమి ఎవరిది, చెట్టు ఏ జాతిది, ఎవరు నాటారు అన్నది చూడదు. ఈ లెక్కన 2023 నివేదిక ప్రకారం దేశంలో అటవీ విస్తీర్ణం 7,15,343 చదరపు కిలోమీటర్లు, అంటే 21.76 శాతం.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థది వేరే నిర్వచనం. అర హెక్టారు చాలు, కొమ్మల కప్పు 10 శాతం దాటాలి, చెట్టు 5 మీటర్ల ఎత్తు ఉండాలి లేదా అంత ఎత్తు పెరిగే రకమై ఉండాలి. పండ్ల తోటలు, ఆయిల్‌పామ్ అందులోకి రావు. రబ్బరు తోటలు వస్తాయి. నరికేసి మళ్లీ నాటబోయే ఖాళీ నేల కూడా అడవిగానే ఉంటుంది, ఎందుకంటే ఈ సంస్థ ఆ నేల దేనికి వాడుతున్నారో చూస్తుంది. పైగా దీని అంకెలు ప్రధానంగా ఆయా దేశాలు పంపిన నివేదికలే. 2025 నివేదికలో ప్రపంచ అటవీ విస్తీర్ణం 414 కోట్ల హెక్టార్లు, 7.27 కోట్ల హెక్టార్లతో మన దేశానిది తొమ్మిదో స్థానం.

మీరు చెప్పిన 23 లక్షల హెక్టార్ల అంకె గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ అన్న అంతర్జాల వేదికది. 2001 నుంచి 2023 వరకు జరిగిన నష్టం అది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం తీసిన చిత్రంలో ఒక్కో గడి 30 మీటర్లు. ఆ గడిలో 5 మీటర్లు దాటిన చెట్ల కప్పు ఒక ఏడాది మాయమైతే ఆ ఏడు దాన్ని నష్టంగా రాసుకుంటారు. నిప్పంటుకుందా, గాలివానకు కూలిందా, రైతు తన తోట నరికి అమ్ముకున్నాడా అన్నది ఈ అంకె చెప్పదు. మళ్లీ మొలిచినదాన్ని ఇందులోంచి తీసివేయరు కూడా.

ఖమ్మం జిల్లాలో మూడెకరాల జామాయిల్ తోటను తీసుకోండి. నాలుగో ఏట నరికి కాగితం మిల్లుకు తోలారు. ఆ ఏడాది గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ పటంలో అది ఎర్ర మచ్చ. ఫారెస్ట్ సర్వే చిత్రం నరికిన తర్వాత తీసిందైతే దాని లెక్కలోంచీ పోతుంది, మొదళ్ల నుంచి కొత్త కొమ్మలు లేచి కప్పుకోగానే మళ్లీ వచ్చి చేరుతుంది. ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వచనం ప్రకారమైతే మాత్రం అక్కడ అసలు ఏమీ జరగనట్టే. ఒకే తోట, ఒకే ఏడాది, మూడు జవాబులు.

మొత్తం అంకె ఒక్కటే చూసి సంతోషించడం, దిగులుపడడం రెండూ తొందరపాటే. 2021 నివేదికలో దేశంలో అడవి 1,540 చదరపు కిలోమీటర్లు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 647, తెలంగాణలో 632 పెరిగింది. అదే నివేదికలో ఈశాన్య రాష్ట్రాల్లో 1,020 తగ్గింది. కూడిక, తీసివేతల్లో ఇవి ఒకదానికొకటి చెల్లిపోతాయి. నేల మీద చెల్లవు. కొండవాలు మీది పాత అడవి నిలబెట్టే వాగునూ, అందులో బతికే జీవాలనూ మైదానంలోని నాలుగేళ్ల తోట తిరిగి ఇవ్వలేదు. అందుకే నివేదిక చేతికొస్తే మొత్తాన్ని వదిలి, 70 శాతం పైన కప్పు ఉన్న చాలా దట్టమైన అడవి, 40 నుంచి 70 శాతం ఉన్న మధ్యరకం అడవి, 10 నుంచి 40 శాతం ఉన్న పలుచని అడవి అన్న మూడు వరసల్లో ఏది దేనిలోకి మారిందో చెప్పే పట్టిక తెరవండి. అసలు విషయం అక్కడుంటుంది.

ప్రశ్న: నాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. అదీ అడవేనట. రేపు అటవీ శాఖ వచ్చి అడ్డుపెడుతుందా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: పెట్టదు. నాలుగెకరాలంటే హెక్టారున్నర పైనే (హెక్టారంటే సుమారు 2.47 ఎకరాలు). చెట్ల కప్పు 10 శాతం దాటితే ఫారెస్ట్ సర్వే పటంలో మీ తోట పచ్చగా కనిపిస్తుంది. అది "అటవీ విస్తీర్ణం", అంటే పైనుంచి కనిపించే చెట్ల కప్పు మాత్రమే. చట్టప్రకారం నమోదైన అటవీ భూమి వేరు, దానికి వేరే రికార్డు ఉంటుంది. పటంలో కనిపించినంత మాత్రాన మీ పట్టా మారదు.

ప్రశ్న: మా మండలంలో పచ్చదనం తగ్గిందో లేదో ప్రాజెక్టు చేస్తున్నాను. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో 2020కీ 2023కీ ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) తీస్తే అడవి దాదాపు మూడోవంతు క్షీణించినట్టు వచ్చింది. అడవి మాత్రం అలాగే ఉంది. ఎక్కడ తప్పు జరిగింది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, ఆదిలాబాద్

జవాబు: మీ లెక్క తప్పలేదు, చిత్రంలోని అంకెల పద్ధతి మధ్యలో మారింది. చాలామంది ఇక్కడే బోర్లాపడుతున్నారు.

ఎన్‌డీవీఐ అంటే సమీప పరారుణ కాంతిలోంచి ఎర్ర కాంతిని తీసి, ఆ రెండింటి మొత్తంతో భాగించడం. ఆకు ఎర్ర కాంతిని మింగేస్తుంది, పరారుణాన్ని తిప్పికొడుతుంది. సెంటినెల్-2లో ఎరుపు బీ4 బ్యాండు, పరారుణం బీ8 బ్యాండు (బ్యాండంటే ఒక రకం కాంతిని మాత్రమే నమోదు చేసిన పొర). రెండింటిలోనూ గడి 10 మీటర్లు. దట్టమైన అడవి మీద ఎరుపు 500, పరారుణం 4500 అనుకోండి. తేడా 4000, మొత్తం 5000, ఎన్‌డీవీఐ 0.80.

2022 జనవరి 25 నుంచి కొత్త పద్ధతిలో తయారైన చిత్రాల్లో ప్రతి అంకెకూ 1000 కలిపి ఇస్తున్నారు. అదే అడవి ఇప్పుడు 1500, 5500గా కనిపిస్తుంది. తేడా 4000, మొత్తం మాత్రం 7000. ఎన్‌డీవీఐ 0.57కు పడిపోతుంది. ఒక్క ఆకు రాలకుండానే మీ అడవి క్షీణించింది!

సరిచేయడం తేలిక. ముందు చిత్రంతో వచ్చే వివరాల ఫైలు తెరిచి ప్రాసెసింగ్ బేస్‌లైన్ (చిత్రం తయారుచేసిన పద్ధతి నంబరు) 04.00 గానీ ఆ పైది గానీ ఉందేమో చూడండి. ఉంటే క్యూజిఐఎస్ అన్న పటాల సాఫ్ట్‌వేర్‌లో రాస్టర్ కాలిక్యులేటర్‌తో రెండు బ్యాండ్ల నుంచీ 1000 తీసేసి, ఆ తర్వాతే ఎన్‌డీవీఐ కట్టండి. గూగుల్ ఎర్త్ ఇంజిన్ వాడితే పేరులో "హార్మొనైజ్డ్" అని ఉన్న సెట్ తీసుకోండి, అందులో ఈ తేడా ముందే సరిచేసి ఉంటుంది.

ఇంకో రెండు చూసుకోండి. వాతావరణ ప్రభావం తొలగించిన ఎల్‌2ఏ చిత్రాలనే తీసుకుని, మబ్బులనూ వాటి నీడలనూ తీసేయండి. రెండేళ్లకూ ఒకే నెల చిత్రాలు వాడండి. మీ జిల్లా టేకు అడవి ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. ఒక ఏడాది నవంబరునూ మరో ఏడాది ఏప్రిల్‌నూ పోలిస్తే మీరు కొలిచింది ఋతువునే. నవంబరులోనూ ఒక చిక్కుంది: పత్తి, కంది పచ్చగా ఉండి అడవి అంచుల్లో కలిసిపోతాయి. పటం మీద అనుమానం వచ్చిన ఓ ఇరవై ముప్పై చోట్లకు వెళ్లి కళ్లారా చూసి రండి. ఆ పని చేయని ఎన్‌డీవీఐ పటం సగం పనే.

ప్రశ్న: కొల్లేరు చుట్టూ ఉపగ్రహ చిత్రాల్లో నీటి విస్తీర్ణం బాగానే కనిపిస్తోంది. మరి సరస్సు చచ్చిపోతోందని ఎందుకంటున్నారు?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఉపగ్రహానికి నీరు కనిపిస్తుంది, సరస్సు కనిపించదు. దేశాల నీటి వనరులను పోల్చడానికి ల్యాండ్‌శాట్ చిత్రాలతో 1984 నుంచి కట్టిన ప్రపంచ నీటి పటం ఉంది. నీరు పరారుణ కాంతిని మింగేస్తుందన్న సూత్రం మీద అది నడుస్తుంది. ఆ సూత్రానికి చేపల చెరువూ నీరే.

పైగా తప్పు రెండు వైపులా జరుగుతుంది. గుర్రపుడెక్క, తుంగ కమ్ముకున్న సరస్సు భాగం ఆకుపచ్చగా ఉండి నేల లెక్కలోకి పోతుంది. గట్టు వేసి తవ్విన చేపల చెరువు మెరిసే నీటి లెక్కలోకి వస్తుంది. అంటే అసలు సరస్సు తగ్గినట్టూ, చెరువులు తవ్విన కొద్దీ "నీటి వనరులు" పెరిగినట్టూ దేశపు పట్టికలో పడుతుంది. కొల్లేరును 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత) దాకా సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు పెద్దఎత్తున కొట్టేశారు. గట్టు తెగి నీరు కలిసిపోవడం చిత్తడినేలకు పెద్ద మార్పు. నీటి గడులు మాత్రమే లెక్కపెట్టే పటంలో దానికి తగ్గ తేడా కనిపించదు.

చెరువును పట్టుకోవడానికి ఆనవాళ్లున్నాయి. అంచులు గీత గీసినట్టుంటాయి, మూలలు తిరిగి ఉంటాయి. చేప పట్టినప్పుడు నీరు తోడేస్తారు కాబట్టి ఏడాది పొడవునా చిత్రాలు వరసగా పెట్టి చూస్తే ఒక్కో గడి ఉన్నట్టుండి ఖాళీ అయి మళ్లీ నిండుతుంది. సరస్సు వానతో నిండి ఎండతో మెల్లగా తగ్గుతుంది. ఇవి గుర్తించి చెరువులను వేరు చేశాకే సరస్సు విస్తీర్ణం చెప్పాలి. దాని ఆరోగ్యం చెప్పాలంటే నీళ్లలోకి దిగక తప్పదు. కరిగిన ఆక్సిజన్‌ను తెల్లవారుజామున కొలవాలి, రాత్రంతా మొక్కలు కూడా వాడుకుంటాయి కాబట్టి అప్పుడే అది అట్టడుగున ఉంటుంది. మధ్యాహ్నం తీసిన రీడింగ్ సరస్సును ఉన్నదానికంటే ఆరోగ్యంగా చూపిస్తుంది. ఈ సంగతి మీ ఊళ్లో చేపల రైతుకు మాకంటే బాగా తెలుసు.

ప్రశ్న: భూగర్భ జలాలను కూడా ఉపగ్రహం కొలుస్తుందట. మా ఊరి బోర్ల సంగతి చెప్పగలదా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: మీ ఊరిది చెప్పలేదు. 2002 మార్చిలో ఎగిరిన గ్రేస్ అన్న జంట ఉపగ్రహాలు సుమారు 220 కిలోమీటర్ల దూరంలో ఒకదాని వెనక ఒకటి తిరిగేవి. కింద నీటి బరువు ఎక్కువుంటే గురుత్వాకర్షణ కాస్త పెరిగి ముందున్నది కొద్దిగా ముందుకు లాగబడుతుంది. వాటి మధ్య దూరంలో వచ్చే ఆ సూక్ష్మమైన తేడానుంచి నీటి బరువు లెక్కకడతారు. అవి 2017లో ఆగిపోయాయి, 2018 మేలో వాటి వారసులు ఎగిరాయి. మధ్యలో చాలా నెలలకు కొలత లేదు.

వీటి చూపు మూడు నాలుగు వందల కిలోమీటర్ల వెడల్పు. అంటే దాదాపు తెలంగాణ అంత ప్రాంతానికి ఒకటే అంకె. అంతటి పెద్ద ప్రాంతానికి మాత్రం ఇది గొప్ప సాధనం. రాజస్థాన్, పంజాబ్, హర్యానాల కింద 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం పోయిందని దీనితోనే తేలింది. మన లెక్కలో 3,850 టీఎంసీలు, అంటే 312 టీఎంసీల నాగార్జునసాగర్ పన్నెండు సార్లు నిండేంత. ఏ దేశమూ దాచలేని అంకె ఇది, సరిహద్దులు దాటి ఒకే కొలబద్దతో కొలుస్తుంది కాబట్టి. అయితే గ్రేస్ చెప్పేది మొత్తం నీటి బరువు. అందులోంచి నేల తేమనూ, జలాశయాల నీటినీ, మంచునూ తీసేస్తేనే భూగర్భ జలం మిగులుతుంది. నేల తేమకు వాడే కంప్యూటర్ నమూనాలో తప్పుంటే జవాబులోనూ తప్పుంటుంది.

మీ ఊరి సంగతి తెలియాలంటే పరిశీలక బావి ఒక్కటే దారి. అక్కడా ఒక మాట గుర్తుంచుకోండి. మట్టం ఒక మీటరు దిగిందంటే ఎంత నీరు పోయింది? బంకమట్టి కలిసిన గ్రానైట్ పొరలో నీరిచ్చే ఖాళీ 1.5 శాతం. ఎకరాకు 61 వేల లీటర్లు పోయినట్టు. గోదావరి డెల్టా ఒండ్రులో ఆ ఖాళీ 10 శాతం అనుకుంటే అదే మీటరుకు ఎకరాకు 4 లక్షల లీటర్లు. కాబట్టి "వాళ్లకూ మీటరే తగ్గింది, మనకూ మీటరే తగ్గింది" అని రెండు జిల్లాలను పోల్చకూడదు, రెండు దేశాలనైతే అసలే పోల్చకూడదు. తిప్పి చూస్తే, మీ నేలలో మంచి వానాకాలం ఒక్కటి వచ్చినా మట్టం నాలుగైదు మీటర్లు లేస్తుంది. చూడ్డానికి సంబరంగా ఉంటుంది, చేతికొచ్చే నీరు కొంచెమే.

ప్రశ్న: యాభై ఏళ్లలో 73 శాతం వన్యప్రాణులు చచ్చిపోయాయని చదివాను. నిజమా?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: అలా చదవకూడదు. వన్యప్రాణుల గుంపుల పెరుగుదల, తగ్గుదలలను గమనించే లివింగ్ ప్లానెట్ సూచీ 2024 నివేదిక చెప్పింది ఇది: 5,495 జాతులకు చెందిన దాదాపు 35,000 గుంపులను 1970 నుంచి 2020 వరకు గమనిస్తే, వాటి తగ్గుదల సగటున 73 శాతం. వెన్నెముక ఉన్న జీవులు మాత్రమే అందులో ఉన్నాయి.

తేడా ఎక్కడుందో చూడండి. ఒక చోట 1,000 కొంగలు 900 అయ్యాయి. ఇంకో చోట 10 రాబందులు 1 అయ్యాయి. మొత్తం పక్షులు 1,010 నుంచి 901కి, అంటే 11 శాతం తగ్గాయి. సూచీ మాత్రం కొంగలకు 0.9, రాబందులకు 0.1 అని రాసుకుని, ఆ రెంటినీ గుణించి వర్గమూలం తీస్తుంది. వచ్చేది 0.3. అంటే సగటున 70 శాతం తగ్గుదల. ఇది మోసం కాదు, కావాలనే అలా కట్టారు. రాబందుల గుంపు అంతరించబోతోందని కొంగల మంద చాటున దాగిపోకూడదు కదా. ఇందులోని లోపం వేరే చోట ఉంది. ఏళ్ల తరబడి ఎవరో లెక్కపెట్టి ఉంటేనే ఒక గుంపు ఇందులోకి వస్తుంది. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన మన కలివికోడి లాంటి పక్షి కంటికి దొరకడమే గగనం. ఏటేటా లెక్క ఎవరు పెట్టగలరు?

ప్రశ్న: పర్యావరణ పనితీరు సూచీలో 2022లో మన దేశానిది 180వ స్థానం, మార్కులు 18.9. 2024లో 176వ స్థానం, 27.6. బాగుపడ్డట్టేనా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, వరంగల్

జవాబు: ఆ రెండు మార్కులను పక్కపక్కన పెట్టడమే తప్పు. 2022లో 40 సూచికలు, 2024లో 58. వాతావరణ విధానానికి 2022లో 38 శాతం తూకం ఇచ్చారు, 2024లో 30కి తగ్గించారు. ప్రశ్నపత్రమే మారింది.

తూకం ఎంత పని చేస్తుందో చూడండి. ఒక దేశానికి ప్రకృతి వ్యవస్థల్లో 60, ప్రజారోగ్యంలో 20, వాతావరణంలో 20 వచ్చాయి. ఇంకో దేశానికి 30, 50, 50. తూకాలు 42, 20, 38 అయితే మొదటి దేశానికి 36.8, రెండోదానికి 41.6. తూకాలు 60, 20, 20 అయితే మొదటిదానికి 44, రెండోదానికి 38. అడవులూ జీవులూ ఎక్కడివక్కడే, ర్యాంకులు తారుమారు. 2022లో మన పర్యావరణ మంత్రిత్వ శాఖ చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి, గత పదేళ్ల ధోరణిని 2050 దాకా సాగదీసి ఉద్గారాలను అంచనా కట్టడం. ఆ అభ్యంతరంలో బలముంది. అలాగని మన గాలి మార్కులు అట్టడుగున ఉన్న సంగతిని అది కప్పిపుచ్చదు. పరీక్షకు ర్యాంకు గుర్తుపెట్టుకోండి. దేశం స్థితి తెలియాలంటే దేశాలవారీ పేజీలో ఒక్కో సూచిక పక్కనా ఇచ్చే పదేళ్ల మార్పు చదవండి, అక్కడ పాత ఏళ్లను కూడా కొత్త పద్ధతిలోనే తిరిగి లెక్కకడతారు.

ప్రశ్న: మా హైస్కూలు పిల్లలతో ఇలాంటి కొలత ఏదైనా పనికొచ్చేలా చేయించవచ్చా?
– సైన్స్ టీచర్, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: బావి మట్టం కొలవండి. టేపు, దాని కొసకు చిన్న బరువు, సుద్దముక్క, పెయింటు చాలు. బావిలోకి టేపు దించేది మాత్రం పెద్దవాళ్లే, పిల్లలు రాసుకోవాలి.

మోటారు బిగించని పాత బావినో, వాడని బోరునో ఎంచుకోండి. గట్టు మీద ఒక చోట పెయింటుతో గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే కొలవండి. టేపు కింది మీటరుకు సుద్ద పూసి దించండి. గుర్తు దగ్గర టేపు 14.00 మీటర్లు చూపుతోంది, పైకి లాగితే కింద 0.32 మీటర్ల మేర సుద్ద తడిసింది అనుకోండి. నీరు 13.68 మీటర్ల లోతున ఉంది. గట్టు ఎత్తు 0.85 తీసేస్తే నేల నుంచి 12.83. ఈ చివరి తీసివేత మరిచిపోవడం అన్నింటికంటే మామూలు తప్పు. చుట్టుపక్కల మోటార్లు ఆన్ చేయకముందే, పొద్దున్నే కొలవాలి. పంపు నడుస్తున్న బోరు పక్కన మట్టం కొన్ని మీటర్లు దిగి ఉంటుంది. కేంద్ర భూగర్భ జల బోర్డు ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది: జనవరి, వానలకు ముందు వేసవి, ఆగస్టు, నవంబరు. మీరూ అవే నెలల్లో కొలిస్తే వాళ్ల లెక్కతో పోల్చుకోవచ్చు.

బావి ఎండిపోతే గడి ఖాళీగా వదలకండి. దక్షిణ భారతంలో భూగర్భ జలాలు కోలుకుంటున్నట్టు కనిపించడానికి ఎండిన బావులు లెక్కలోంచి జారిపోవడం కూడా కారణమని 2019లో ఒక అధ్యయనం చూపింది. మిగిలిన బావుల సగటు బాగుంటుంది, ఎందుకంటే నీళ్లున్నవే మిగిలాయి. కాబట్టి ఆ రోజు తేదీ వేసి, బావి అడుగు దాకా కొలిచి, "14.60 మీటర్ల వరకు ఎండి ఉంది" అని రాయించండి.